‘ఇద్దరొచ్చినా చూసుకుంటాం’ అనే ముందు: ఉత్తర తెలంగాణ ఎంపీలకు ఒక మాజీ సైనికుడి బహిరంగ లేఖ

వరంగల్, మహబూబాబాద్, కరీంనగర్, పెద్దపల్లి, నిజామాబాద్, ఆదిలాబాద్ పార్లమెంటు సభ్యులకు హనుమకొండ నుంచి నమస్కారాలు.

2025 మే నెలలో ఆపరేషన్ సిందూర్ నడిచిన నాలుగు రోజులూ, ఆ తర్వాత ఊరూరా తీసిన ర్యాలీల్లోనూ ఒక మాట బాగా వినిపించింది. పాకిస్తాన్, చైనా ఇద్దరూ కలిసి వచ్చినా చూసుకుంటాం అని. ఏ పార్టీ వేదిక అయినా అదే మాట, అవే చప్పట్లు. మాజీ సైనికుణ్ణి కదా, నాకూ శాలువా కప్పి ముందు వరసలో కూర్చోబెట్టారు. చప్పట్లు కొట్టిన జనాన్ని నేను తప్పు పట్టను. కడుపు మండినప్పుడు ఎవరైనా అలాగే అంటారు. కానీ మీరు జనం కాదు. దేశం రెండు వైపులా ఒకేసారి యుద్ధం చేయాల్సి వస్తే దేనితో చేస్తుందో లెక్క అడిగే హక్కు మీకుంది. అడగకపోతే అడిగేవాళ్లు ఇంకెవరూ లేరు.

నేను ఆర్మీ సర్వీస్ కోర్‌లో పనిచేసి సుబేదార్‌గా రిటైరయ్యాను. శిఖరం మీద జెండా పాతిన మనిషిని కాను. ఆ శిఖరం మీద ఉన్నవాడికి పిండి, పప్పు, కిరోసిన్, డీజిల్ అందేలా చూడటం నా పని. అందుకే ఈ లేఖలో వీరరసం తక్కువ, సామాన్ల లెక్క ఎక్కువ. విసుక్కోకుండా చదవండి.

ముందు లద్దాఖ్ సంగతి. టీవీలో మ్యాప్ పెట్టి పంజాబ్ నుంచి లద్దాఖ్‌కు ఎర్ర బాణం గీస్తారు. అక్కడి డివిజన్, అంటే వేల మంది సైనికుల దళం, ఇక్కడికి వస్తుంది అంటారు. బాణం వెళ్లినంత తేలిగ్గా మనిషి వెళ్లలేడు. 9,000 అడుగులు దాటిన చోట జవాన్ ఆరు రోజులు ఆగాలి. 12,000 దాటితే ఇంకో నాలుగు రోజులు, 15,000 దాటితే మరో నాలుగు. విమానంలో లేహ్‌లో దిగినవాడికి మొదటి రెండు రోజులు పూర్తి విశ్రాంతి. మెట్లెక్కినా ఆయాసం వస్తుంది, రాత్రి నిద్ర పట్టదు. తొందరపడి పైకి పంపితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. శత్రువు గుండు తగలకుండానే మనిషి పోతాడు. మొత్తం 14 రోజులు. 1971లో యుద్ధం మొదలై ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోవడానికి పట్టింది 13 రోజులు.

అంటే పడమర సరిహద్దులో గొడవ మొదలయ్యాక లద్దాఖ్‌లో సాయం కావాలంటే, కింద నుంచి పంపిన పటాలం ఎత్తైన పోస్టుకు చేరి తుపాకీ పట్టేసరికి ఒక చిన్న యుద్ధం అయిపోతుంది. లద్దాఖ్ నుంచి కిందికి దించడం సులువే. కానీ దించిన చోటును మళ్లీ నింపడానికి మళ్లీ పద్నాలుగు రోజులు కావాలి. ఈ సంగతి అవతలున్న చైనావాడికి మనకన్నా బాగా తెలుసు. వాడి సైన్యం టిబెట్ పీఠభూమి మీద, దాదాపు అదే ఎత్తున ఉంటుంది.

ఇక సరుకు. లద్దాఖ్‌లో చలికాలానికి కావాల్సిన ప్రతి వస్తువూ మంచు పడకముందే పైకి చేరాలి. అడ్వాన్స్ వింటర్ స్టాకింగ్ అంటారు. కశ్మీర్ నుంచి లద్దాఖ్‌కు వెళ్లే జోజిలా కనుమ దారి తెరుచుకున్న రోజు నుంచి కాన్వాయ్‌లు మొదలవుతాయి, అక్టోబరు చివరికల్లా డిపోలు నిండాలి. కిరోసిన్ 20 లీటర్ల జెర్రీకాన్‌లలో వస్తుంది. పొద్దున్నే గ్లవుజు లేకుండా డబ్బా పట్టుకుంటే వేలి చర్మం ఇనుముకు అంటుకుపోతుంది. ఆలుగడ్డలు గడ్డకట్టి రాళ్లలా అవుతాయి, సుత్తితో కొట్టాలి. కోడిగుడ్డు పెంకు పగిలి లోపల మంచు ముద్ద కనపడుతుంది. ఒక పోస్టులో పది మంది ఉంటే వాళ్ల బుఖారీకి (గది వెచ్చబెట్టే పొయ్యి), వంటకు, మంచు కరిగించి నీళ్లు చేసుకోవడానికి ఎన్ని డబ్బాలు కావాలో మేం సీజన్ మొదట్లోనే రాసుకునేవాళ్లం. లెక్క తప్పితే ఫిబ్రవరిలో సరిచేసే వీలు లేదు. ఆ చివరి కొండ మీదికి డబ్బాలు మోసేది గాడిదలు, కంచరగాడిదలు, స్థానిక పోర్టర్లు.

2020 జూన్ 15 రాత్రి లద్దాఖ్‌లోని గల్వాన్‌లో చైనా సైన్యంతో జరిగిన కొట్లాటలో 20 మంది మన సైనికులు చనిపోయారు. వాళ్లకు కమాండింగ్ ఆఫీసర్ కల్నల్ సంతోష్‌బాబు మన సూర్యాపేటవాడు. ఆ తర్వాత 50 వేలకు పైగా సైనికులను పైకి పంపారు. చలికాలానికి మిగిలింది నాలుగైదు నెలలు. అంతమందికి గుడారాలు, బుఖారీలు, బూట్లు, తిండి, ఇంధనం ఆ కొద్ది నెలల్లో చేర్చారు. మావాళ్లు చేసిన ఆ పని గురించి ఎవరూ పాటలు రాయలేదు కానీ, అది చిన్న పని కాదు. అయితే ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. ఆ వేసవిలో పడమర సరిహద్దులో యుద్ధం లేదు. దేశంలో ఉన్న పెద్ద రవాణా విమానాలు, ట్రక్కులు, ట్యాంకర్లు అన్నీ ఒకే దిక్కుకు నడిచాయి. అదే విమానాలను, అదే ట్రక్కులను రాజస్థాన్ ఎడారిలోని ట్యాంకులకు కూడా పంపాలంటే? అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. దారులు మెరుగుపడ్డాయని నేనూ ఒప్పుకుంటాను. హిమాచల్‌లోని రోహ్‌తాంగ్ కనుమ కింద 9 కిలోమీటర్ల అటల్ టన్నెల్ 2020లో తెరిచారు, 2025 జూన్‌లో కశ్మీర్ లోయకు రైలు వెళ్లింది, జోజిలా కింద సొరంగం తవ్వుతున్నారు. దారి బాగుపడితే ట్రక్కు త్వరగా వెళ్తుంది. ఉన్న ఒక్క ట్రక్కు రెండు చోట్ల మాత్రం ఉండదు.

మనలో చాలామంది రెండు వైపుల యుద్ధం అనగానే రెండు సైన్యాలు ఒకే రోజు సరిహద్దు దాటి రావడం ఊహించుకుంటారు. అలా రావచ్చు, రాకపోవచ్చు. అలా రాకుండానే జరిగే నష్టం గురించి నాకు ఎక్కువ దిగులు. ఒక్క బోరు కింద రెండు మడులున్న రైతును అడిగితే చెబుతాడు. ఒక మడికి నీళ్లు పెడుతున్నప్పుడు రెండోది ఎండిపోవడానికి ఎవరూ వచ్చి ఏమీ చేయనక్కర్లేదు.

1965 సెప్టెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధం నడుస్తుండగా, సిక్కిం సరిహద్దులో పోస్టులు తీసేయమని చైనా గడువు పెట్టి బెదిరించింది. యుద్ధానికి దిగలేదు. కానీ చైనా వైపు పెట్టుకున్న మన పర్వత డివిజన్లను పడమరకు కదిలించే ధైర్యం ఎవరు చేస్తారు? అవి అక్కడే ఉండిపోయాయి. 1999లో కార్గిల్ కోసం లద్దాఖ్ నుంచి బలగాలు కదిలినప్పుడు, పాంగాంగ్ సరస్సు ఉత్తరపు ఒడ్డున చైనా రోడ్డు వేసుకుంది, ఫింగర్ 4 అనే కొండ దాకా. ఒక్క తూటా పేల్చలేదు. ఇరవై ఏళ్ల తర్వాత, 2020లో, మనవాళ్లకూ వాళ్లకూ తోపులాటలు జరిగింది ఆ రోడ్డు చివరే.

ఇటు తిప్పి చూసినా అంతే. గల్వాన్ తర్వాత జమ్మూ ప్రాంతంలో తీవ్రవాదుల మీద పనిచేసే రాష్ట్రీయ రైఫిల్స్ బలగాల్లో కొన్నిటిని లద్దాఖ్‌కు తీసుకెళ్లారు. అప్పటికి అది సరైన నిర్ణయమే. ఆ తర్వాత, 2021 అక్టోబరు నుంచి, ఏళ్ల తరబడి ప్రశాంతంగా ఉన్న పూంచ్, రాజౌరీ అడవుల్లో మన జవాన్ల మీద దాడులు మళ్లీ మొదలయ్యాయి. ఈ రెండింటికీ సంబంధం ఉందని రిటైరైన అధికారులు చాలామంది అంటారు, నేనూ అంటాను. రెండో శత్రువు చేయాల్సిందల్లా ఎదురుచూడటం.

రిజర్వు బలగం ఎప్పుడు, ఎటు కదలాలి అన్న నిర్ణయం ఎంత ప్రమాదకరమో చెప్పడానికి మిలిటరీ స్కూళ్లలో మొదటి ప్రపంచయుద్ధం నాటి, 1914 జర్మనీ కథ చెబుతారు. ఫ్రాన్స్‌ను ఆరు వారాల్లో ముగించి రష్యా వైపు తిరగాలన్నది వాళ్ల ప్లాన్. రష్యా అనుకున్నదానికన్నా ముందే కదిలింది. కంగారుపడి పడమర నుంచి రెండు కోర్‌లను, అంటే రెండు పెద్ద దళాలను, రైళ్లెక్కించి తూర్పుకు పంపారు. అవి చేరేలోపే తూర్పున టానెన్‌బర్గ్ యుద్ధం జర్మనీ గెలిచేసింది. పడమర ఫ్రాన్స్‌లో మార్న్ నది దగ్గర అవి లేని లోటు కనిపించింది. రెండు కోర్‌లూ ఏ యుద్ధంలోనూ లేవు, రైల్లో ఉన్నాయి.

2025 మేలో జరిగింది ఇంకో రకం. యుద్ధం ఒక్క సరిహద్దులోనే. కానీ మన కదలికల సమాచారం చైనా నుంచి పాకిస్తాన్‌కు ఎప్పటికప్పుడు అందిందని అప్పటి సైన్యం డిప్యూటీ చీఫ్ లెఫ్టినెంట్ జనరల్ రాహుల్ ఆర్. సింగ్ ఆ జులైలో అందరి ముందే చెప్పారు. ఒక సరిహద్దు, ముగ్గురు ప్రత్యర్థులు అన్నారు, తుర్కియేను కూడా కలిపి. ఆయుధాల కొనుగోళ్ల లెక్క చూసే స్టాక్‌హోమ్‌లోని సిప్రీ సంస్థ ప్రకారం 2020 నుంచి 2024 వరకు పాకిస్తాన్ కొన్న ఆయుధాల్లో 81 శాతం చైనావే. చైనా తన సైనికుణ్ణి ఒక్కణ్ణి కూడా పంపకుండా తన విమానాన్ని, తన క్షిపణిని, తన ఉపగ్రహాన్ని మన మీద పరీక్షించుకుంది. మనం మాత్రం ఆ నాలుగు రోజులూ ఉత్తరాన ఉన్న బలగాన్ని కదిలించకుండా కాపలా పెట్టుకునే ఉన్నాం. అక్కడ ఖర్చు మనది, ఇక్కడ అనుభవం వాళ్లది.

మందుగుండు విషయానికి వస్తాను. ఇది మీరు నేరుగా అడగగలిగిన విషయం, అడిగితే ఫలితం వస్తుందని రుజువైన విషయం కూడా.

2017 జూన్‌లో అప్పటి సైన్యాధిపతి జనరల్ బిపిన్ రావత్, రెండున్నర వైపుల యుద్ధానికి సైన్యం సిద్ధం అన్నారు. ఆ సగం లోపలి తీవ్రవాదం. వారం తిరిగేసరికి భూటాన్ సరిహద్దు దగ్గరి డోక్లామ్‌లో చైనాతో ఎదురెదురుగా నిలబడ్డాం. డోక్లామ్ నడుస్తుండగానే, జులైలో, ప్రభుత్వ ఖర్చులను ఆడిట్ చేసే కాగ్ నివేదిక పార్లమెంటు ముందుకొచ్చింది. తీవ్రమైన యుద్ధం 40 రోజులు నడిచేందుకు సరిపడా నిల్వ ఉండాలన్నది సైన్యం పెట్టుకున్న లెక్క. కాగ్ చూసిన 152 రకాల మందుగుండులో 40 శాతం రకాలు 2016 సెప్టెంబరు నాటికి పది రోజులకు కూడా చాలవు. కార్గిల్‌లో, ఒకే వైపు, చిన్న ప్రాంతంలో జరిగిన యుద్ధంలో, మన ఫిరంగి దళం దాదాపు రెండున్నర లక్షల గుండ్లు, రాకెట్లు వాడింది. ఈ రెండు లెక్కలు పక్కపక్కన పెట్టుకుంటే ఎవరికైనా టెన్షన్ వస్తుంది.

జనరల్ రావత్ అబద్ధం చెప్పారని నేను అనడం లేదు. సైన్యాధిపతి బయటి ప్రపంచానికి సిద్ధం అనే చెప్పాలి, అది ఆయన ఉద్యోగం. అసలు లెక్క ఇదీ అని చెప్పడం కాగ్ ఉద్యోగం. ఆ లెక్క పట్టుకుని మంత్రిని నిలదీయడం మీ ఉద్యోగం. కాగ్, పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘం, సభ్యులు ఏళ్ల తరబడి ఈ లోటు మీద ఒత్తిడి తెచ్చినందుకే అత్యవసర కొనుగోళ్లకు సైన్యం వైస్ చీఫ్‌కు డబ్బు ఖర్చుపెట్టే అధికారం ఇచ్చారు. దేశంలో తయారీ కూడా పెరిగింది. అడగడం వల్ల సైన్యం బలహీనపడలేదు, నాలుగు గుండ్లు ఎక్కువొచ్చాయి.

విమానాల సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను, ఎందుకంటే అందులో వాదించేందుకు ఏమీ లేదు. వైమానిక దళానికి మంజూరైన స్క్వాడ్రన్లు, అంటే యుద్ధవిమానాల దళాలు, 42. 2025 సెప్టెంబరు 26న మిగ్-21లు రిటైరయ్యాక మిగిలినవి 29. 2021లో ఆర్డరిచ్చిన 83 తేజస్ యుద్ధవిమానాలు 2024 నుంచి రావాల్సింది, అమెరికా నుంచి ఇంజన్లు ఆలస్యమై అవి వెనకబడ్డాయి. 42 కూడా రెండు వైపులా పూర్తి యుద్ధానికి చాలదనే వైమానిక దళం వాళ్లు ఉన్నారు. 29తో ఏం చెబుతాం?

మనుషుల లోటు కూడా ఉంది. 2020 నుంచి రెండేళ్లు రిక్రూట్‌మెంట్ ఆగిపోయింది. సైన్యంలో లక్షకు పైగా ఖాళీలున్నాయని ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. 2022 జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్‌లో అగ్నిపథ్ గొడవల్లో పోలీసు కాల్పులకు చనిపోయిన పిల్లగాడు మన వరంగల్ జిల్లావాడు. ఫిజికల్ పాసై రాతపరీక్ష కోసం ఏళ్లు ఎదురుచూసిన పిల్లలు మన ఊళ్లలో ఎంతమంది ఉన్నారో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఒక పక్క లక్ష ఖాళీలు, ఇంకో పక్క గ్రౌండ్‌లో పరుగులు తీస్తూ వయసు దాటిపోయిన పిల్లలు.

వరంగల్‌వాళ్లు ఏం మాట్లాడినా కాకతీయులను మధ్యకు లాగుతారని యూనిట్‌లో నన్ను ఏడిపించేవారు. లాగక తప్పదు. ఈ సమస్య మీద మనకు ఢిల్లీ నుంచి వచ్చే నిపుణులకన్నా పాత అనుభవం ఉంది. రుద్రమదేవి పాలన మొదట్లోనే పడమర నుంచి దేవగిరి యాదవులు దండెత్తి వచ్చారు. ఆమె వాళ్లను తరిమికొట్టింది. ఆ విజయం మనందరికీ తెలుసు, ఖిలా వరంగల్‌లో గైడ్లు కూడా అదే చెబుతారు. కానీ ఆమె ప్రాణం పోయింది అటువైపు కాదు. దక్షిణాన ఆమె సామంతుడు కాయస్థ అంబదేవుడు ఎదురుతిరిగాడు. అతనికి ఒక పక్క పాండ్యుల స్నేహం, ఇంకో పక్క అదే యాదవుల స్నేహం. 1289 నాటి చందుపట్ల శాసనం రుద్రమ, ఆమె సేనాని మల్లికార్జునుడు మరణించిన సంగతి చెబుతుంది. అంబదేవుడితో పోరులోనే వాళ్లు పోయారని చరిత్రకారులు అంటారు. రాతికోట, మట్టికోట, అగడ్త అన్నీ చెక్కుచెదరకుండా ఓరుగల్లులో ఉన్నాయి. రాణి మాత్రం నల్గొండ వైపు యుద్ధభూమిలో పోయింది.

ప్రతాపరుద్రుడు వచ్చాక చేసిన పని నాకు చాలా నచ్చుతుంది. కలిసి ఉన్న ముగ్గురి మీద ఒకేసారి పడలేదు. 1291లో త్రిపురాంతకం వైపు అంబదేవుణ్ణి కొట్టాడు. తర్వాత నెల్లూరు వైపు పాండ్యుల అండ ఉన్నవాళ్లను. 1294 నాటికి రాయచూరు చేరి యాదవుల సంగతి చూశాడు. ఆ వరస చూడండి. మధ్యలో ఉన్నవాడు ముందు పోయాడు, దాంతో మిగతా ఇద్దరికీ ఒకరితో ఒకరికి లంకె తెగిపోయింది.

అదే ప్రతాపరుద్రుడు చివర్లో ఆ జాగ్రత్త నిలుపుకోలేకపోయాడు. 1303లో ఢిల్లీ సైన్యం మన కరీంనగర్ ప్రాంతపు ఉప్పరపల్లి దగ్గర ఓడి వెళ్లింది. 1310లో ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫుర్ వచ్చి కప్పం కట్టించుకున్నాడు. ఉత్తరాన అంత ముప్పు ఉండగానే 1317 ప్రాంతంలో కాకతీయ సేనాని ముప్పిడి నాయకుడు కంచి దాకా వెళ్లి జెండా ఎగరేశాడు. గొప్ప విజయమే. ఆ తర్వాత ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ వచ్చి నెలల తరబడి కోటను ముట్టడించి, తన శిబిరంలో పుకార్లు పుట్టి దేవగిరికి వెనుదిరిగాడు. ఓరుగల్లులో విందులు చేసుకున్నారు. ముట్టడికని దాచిన ధాన్యం అమ్మేశారని, కోట మరమ్మతు పట్టించుకోలేదని చెబుతారు. కొన్ని నెలలకే 1323లో ఉలుగ్ ఖాన్ బీదర్, బోధన్ పట్టుకుని మళ్లీ వచ్చాడు. గాదెలు ఖాళీ. సరుకుల శాఖలో పనిచేసినవాణ్ణి కదా, కీర్తి తోరణం దగ్గర అందరూ ఫొటోలు దిగుతుంటే నాకు ఆ గాదెలే గుర్తొస్తాయి.

ఇంతకీ మీ నుంచి ఏం కావాలి? రెండు వైపులా గెలిచే సైన్యం కట్టమని నేను అడగడం లేదు. 2025-26లో రక్షణకు కేటాయించింది 6.81 లక్షల కోట్లు. అందులో 1.6 లక్షల కోట్లు మాలాంటివాళ్ల పింఛన్లే, కొత్త ఆయుధాలు, నిర్మాణాల్లాంటి వాటికి 1.8 లక్షల కోట్లు. చైనా ఖర్చుతో మనం పోటీ పడలేం, పడాలనుకుంటే బడులు, దవాఖానాలు మూసుకోవాలి. ఇద్దరు శత్రువులు ఒకేసారి మన మీదికి రాకుండా చూడటం తుపాకీతో అయ్యే పని కాదు, రాజకీయంతో అయ్యే పని.

1971లో అదే చేశారు. ఏప్రిల్‌లోనే తూర్పు బెంగాల్‌లోకి వెళ్లమంటే అప్పటి సైన్యాధిపతి జనరల్ మానెక్‌షా ఆగమన్నారు. వానాకాలంలో ఆ నదులు దాటలేం, చలికాలం వస్తే హిమాలయాల కనుమలు మంచుతో మూసుకుపోయి చైనా రాలేదు అని. ఇందిరాగాంధీ విన్నారు. ఆగస్టు 9న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. డిసెంబరులో యుద్ధం వచ్చేసరికి ఉత్తరాన ఉన్న పర్వత డివిజన్లలో కొన్నిటిని కిందికి దించి వాడుకోగలిగారు. ఆ ఎనిమిది నెలలు ఊరికే కూర్చున్న నెలలు కావు. ఇవాళ ఎవరైనా అంత ఓపిక పడితే టీవీల్లో పిరికివాడంటారు.

2021 ఫిబ్రవరిలో పాకిస్తాన్‌తో నియంత్రణ రేఖ మీద కాల్పుల విరమణ మళ్లీ ఒప్పుకున్నారు. చైనాతో తలపడుతున్నప్పుడు ఇటువైపు మంట తగ్గించుకోవడం తెలివైన పని. 2024 అక్టోబరులో లద్దాఖ్‌లోని దెప్సాంగ్, దెమ్చోక్‌లో గస్తీ మీద చైనాతో ఒప్పందం కుదిరింది. దాన్ని లొంగుబాటు అన్న ప్రతిపక్షమూ తప్పే, మొత్తం గెలిచేశాం అన్న పాలకపక్షమూ తప్పే. అదనంగా వెళ్లిన బలగాలు 2025లోనూ పైనే ఉన్నాయి, కిరోసిన్ డబ్బాలు ఎక్కుతూనే ఉన్నాయి. ఒకవైపు చల్లబడిన సమయంలో రెండోవైపు నిల్వలు నింపుకున్నామా లేదా అన్నదే అసలు లెక్క.

ఇదంతా మన జిల్లాలకు దూరపు సంగతి అనుకోకండి. ఢిల్లీ–చెన్నై రైలు మార్గం కాజీపేట మీదుగానే పోతుంది. సింగరేణి బొగ్గూ ఆ లైను మీదే, దక్షిణం నుంచి ఉత్తరానికి వెళ్లే మిలిటరీ స్పెషళ్లూ ఆ లైను మీదే. యుద్ధం నెల దాటితే రామగుండం కరెంటుకు, సైన్యం ట్యాంకులకు ఒకే పట్టాలు. 2025 వానాకాలంలో మహబూబాబాద్ వైపు సొసైటీల ముందు యూరియా లైన్లు చూశారు కదా? తెల్లవారుజామునే రైతులు చెప్పులు వరసగా పెట్టి, పాస్‌బుక్ జిరాక్సుల మీద రాయి పెట్టి, పక్కన చెట్టు కింద పడుకున్నారు. చెప్పులకు కూడా నంబర్లు వేసుకున్నారు. ఒక్కొక్కరికి రెండు బస్తాలు దొరికితే అదృష్టం. దానికి కారణాలు చాలా ఉన్నాయి, ఎరువుల ఎగుమతిని చైనా బిగించడం వాటిలో ఒకటి. అదే ఏడాది మోటార్లలో వాడే రేర్ ఎర్త్ అయస్కాంతాలను, సొరంగాలు తవ్వే యంత్రాలను కూడా ఆపి చూసింది. తుపాకులు పేలని రోజుల్లోనే ఇలా ఉంటే, రెండు వైపులా పేలిన రోజున కేసముద్రం రైతుకు ఎన్ని బస్తాలు దొరుకుతాయో ఏ మంత్రిత్వ శాఖ లెక్క వేసింది? నాకు తెలిసి ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు. మీరు వేయొచ్చు.

దేశ భద్రత విషయాలు బయట అడగకూడదని మీకు ఎవరైనా చెబితే 1962ను గుర్తుచేయండి. చైనాతో యుద్ధం నడుస్తుండగానే, వాజ్‌పేయి లాంటి ప్రతిపక్ష సభ్యులు పట్టుబడితే నెహ్రూ నవంబరు 8కే పార్లమెంటు సమావేశం పిలిచారు. తలుపులు మూసి జరపాలన్న సలహాను కూడా ఆయన ఒప్పుకోలేదు. సభ్యులు ఆయన ముఖం మీదే కడిగేశారు. 2020 తర్వాత చైనా సరిహద్దు మీద మన సభలో పూర్తి చర్చ ఒక్కటి కూడా జరగలేదు. 2025 జులైలో సిందూర్ మీద జరిగింది, సంతోషం. అందులో చైనా పేరు వచ్చింది, మందుగుండు రోజుల లెక్క రాలేదు.

కాబట్టి నా కోరిక ఇది. మీ ఆరుగురూ పార్టీలు పక్కనపెట్టి నాలుగు ప్రశ్నలు పంచుకోండి. 2017 నాటి కాగ్ జాబితాలో పది రోజులకు చాలని రకాలు ఇప్పుడు ఎన్ని ఉన్నాయి? అంకె బయట చెప్పలేమంటే రక్షణ స్థాయీ సంఘం తలుపులు మూసుకుని వింటుంది, అక్కడ అడిగించండి. లద్దాఖ్‌లో చలికాలపు నిల్వలు, పడమర సరిహద్దు అవసరాలు ఒకే నెలలో వస్తే రవాణా విమానాలు, ట్రక్కులు సరిపోతాయని ఎవరైనా కసరత్తు చేసి చూశారా? లక్ష ఖాళీలు ఏ సంవత్సరానికి నిండుతాయి? యుద్ధం 40 రోజులు నడిస్తే ఎరువులు, బొగ్గు, డీజిల్ రాష్ట్రాలకు ఏ వరసలో అందుతాయి? ఇన్ని అడిగాక, దేశ భద్రతా వ్యూహం అంటూ ఒక పత్రం ఇప్పటిదాకా ప్రజల ముందు ఎందుకు పెట్టలేదో కూడా అడగండి. ఏ సరిహద్దు ముందు, ఏది తర్వాత అన్నది రాతలో లేకపోతే 14 రోజుల ముందే రైలెక్కాల్సిన పటాలానికి ఆర్డరు ఎవరిస్తారు?

నక్షత్రం గుర్తు ప్రశ్నే వేయండి, మంత్రి నోటితోనే జవాబు వస్తుంది, వెంటనే అనుబంధ ప్రశ్న వేసే వీలుంటుంది. గుర్తు లేని ప్రశ్నకు కాగితం మీద రెండు లైన్లు వచ్చి ఊరుకుంటాయి. నోటీసు కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి. సమావేశాల తేదీలు రాగానే మీ ఆఫీసుల్లో ఈ పని చూసే పిల్లలకు చెప్పి పెట్టండి. అంకెలు, తేదీలు సరిచూడటానికి మనిషి కావాలంటే మా దగ్గర రిటైరైన హవల్దార్లు, సుబేదార్లు చాలామందే ఉన్నారు. డబ్బులేమీ అడగరు, టీ పోస్తే చాలు.

ఇట్లు,
ఆర్మీ సర్వీస్ కోర్ మాజీ సుబేదార్,
హనుమకొండ